నాలుగు భుజాలూ 60 అడుగులే వచ్చాయి, అయినా డైమండ్ తప్పింది: కొలతలు ఏ బిందువు నుంచి తీయాలి?

గోదారిగట్టు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మేము డాలస్ శివార్లలో ఉంటాము. మా అబ్బాయికి పదకొండేళ్లు, రెండేళ్లుగా ఇక్కడి పిల్లల లీగ్‌లో బేస్‌బాల్ ఆడుతున్నాడు. ఈ వసంతంలో వాళ్ల జట్టు సాధన చేసుకోవడానికి ఒక ఖాళీ మైదానం దొరికింది. గడ్డి కోసి ఉంది, వెనుక ఒక కంచె ఉంది, అంతకు మించి అక్కడ ఏమీ లేదు. డైమండ్ (ఒక మూలలో హోం ప్లేటు, మిగిలిన మూడు మూలల్లో బేస్‌లు ఉండే చతురస్రం) గీసే బాధ్యతను నేనూ, మరో పిల్లవాడి తండ్రీ తీసుకున్నాము. చిన్నప్పుడు కోనసీమలో కోసిన వరిమడిలో క్రికెట్ పిచ్ కొలిచిన అనుభవం తప్ప నాకు మైదానాల పని తెలియదు. ఈ ఆట పరిచయమైందే మా వాడి వల్ల.

ఈ వయసు పిల్లలకు బేస్‌ల మధ్య 60 అడుగులు, పిచ్చర్ (బంతి విసిరేవాడు) నుంచి హోం ప్లేటుకు (బ్యాటర్ నిలబడే మూలలోని పలకకు) 46 అడుగులు అని తెలుసుకుని పని మొదలుపెట్టాము. హోం ప్లేట్ పెట్టి, అక్కడి నుంచి 60 అడుగులకు ఫస్ట్ బేస్, దాని నుంచి 60 అడుగులకు సెకండ్ బేస్, అలాగే థర్డ్ బేస్ గుర్తుపెట్టి, చివరికి టేపును మళ్లీ హోం ప్లేటు దాకా లాగితే అక్కడా 60 అడుగులే వచ్చింది. నాలుగు భుజాలూ కుదిరాయి గనుక మైదానం సిద్ధమైందని అనుకున్నాము.

రెండు వారాల తరువాత స్నేహపూర్వక ఆటకు వచ్చిన అవతలి జట్టు కోచ్ నిలబడి చూసి, సెకండ్ బేస్ దగ్గరగా కనబడుతోందని చెప్పి తన టేపు తెచ్చారు. హోం ప్లేట్ నుంచి సెకండ్ బేస్‌కు 83 అడుగులు, ఫస్ట్ నుంచి థర్డ్‌కు 86 అడుగుల 8 అంగుళాలు వచ్చాయి. రెండూ 84 అడుగుల 10 1/4 అంగుళాలు ఉండాలని ఆయన చెప్పారు. తరువాత పిచ్చింగ్ రబ్బరు (పిచ్చర్ కాలు ఆనించే పలక) దూరం కొలిచి, అది 17 అంగుళాలు ఎక్కువగా ఉందన్నారు. మేము ప్లేటు ముందు అంచు నుంచి 46 అడుగులు కొలిచాము. కొలవవలసింది ప్లేటు వెనుక మొన నుంచి అట. అంటే మా పిల్లలు రెండు వారాల పాటు 47 అడుగుల 5 అంగుళాల నుంచి విసిరారన్న మాట. బంతి ప్లేటుకు ముందే నేలకు తగులుతుంటే, ఇంకొంచెం బలంగా విసరమని వాళ్లను తొందరపెట్టింది నేనే. ఒక పిల్లవాడు మోచెయ్యి పట్టుకుని కూర్చున్న సంగతి గుర్తొచ్చినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది.

వచ్చే శనివారం అన్నీ తీసేసి మళ్లీ గీయబోతున్నాము. నాలుగు భుజాలు సమానంగా ఉన్నా ఎందుకు తప్పింది? ఒక్కో బేస్‌కు ఏ అంచు దాకా, లేదా ఏ మూల దాకా కొలవాలి? రబ్బరు స్థానం ఎలా నిర్ణయించాలి? పిచ్చర్ నిలబడే దిబ్బ ఎత్తును యంత్రాలు లేకుండా సరిచూసుకునే ఉపాయం ఏదైనా ఉందా? తెలిసినవారు వివరంగా చెప్పగలరని ప్రార్థన.

బెజవాడబాబాయి

గోదారిగట్టు గారూ, మీరు పడిన పొరపాటు కొత్తగా మైదానం గీసేవారిలో చాలామంది పడేదే. నాలుగు భుజాలు సమానమైనంత మాత్రాన చతురస్రం కాదు. తలుపు చట్రం నాలుగు కర్రలూ ఒకే కొలతలో ఉన్నా, ఒక మూలను నొక్కితే పక్కకు ఒరిగిపోతుంది కదా, మీ డైమండ్ కూడా అలాగే ఒరిగింది. ఒక కర్ణం తగ్గింది కాబట్టి రెండోది పెరిగింది. మీ 83 అడుగులకు జోడుగా 86 అడుగుల 8 అంగుళాలు రావడమే మీ భుజాలు నిజంగా 60 అడుగులేనని రుజువు చేస్తోంది. భుజాలు కొలవడంలో మీరు తప్పు చేయలేదు, కర్ణాన్ని వదిలేశారు, అంతే.

అందుకే నిబంధనల పుస్తకం భుజంతో మొదలుపెట్టదు, కర్ణంతో మొదలుపెడుతుంది. ముందుగా హోం ప్లేటు మొన ఎక్కడ రావాలో నిర్ణయించి అక్కడ ఒక మేకు దిగగొట్టండి. మైదానం మధ్యభాగం ఏ దిక్కుగా ఉండాలో చూసుకుని ఆ దిక్కుగా 84 అడుగుల 10 1/4 అంగుళాల దగ్గర రెండో మేకు కొట్టండి. అది సెకండ్ బేస్. ఇప్పుడు రెండు టేపులు తీసుకుని ఒకదాని కొనను హోం మేకుకు, రెండోదాని కొనను సెకండ్ మేకుకు తగిలించి, రెండింటినీ కుడివైపుకు లాగి, రెండింటి మీదా 60 అడుగుల గీత ఒకే చోట కలిసేటట్టు పట్టుకోండి. ఆ కలిసిన చోటు ఫస్ట్ బేస్. ఎడమవైపు అలాగే చేస్తే థర్డ్ బేస్ వస్తుంది. చివరగా ఫస్ట్ నుంచి థర్డ్‌కు కొలిచి చూడండి, అది కూడా 84 అడుగుల 10 1/4 అంగుళాలు రాకపోతే ఎక్కడో టేపు వదులైందని అర్థం.

పెద్దల మైదానానికి పద్ధతి ఇదే, అంకెలే మారతాయి. భుజం 90 అడుగులు, కర్ణం 127 అడుగుల 3 3/8 అంగుళాలు. ఈ 90 అడుగులు 1857లో ఖాయమైనవి, నేటికీ మారలేదు.

దిక్కు గురించి కూడా ఒక మాట. హోం ప్లేటు నుంచి పిచ్చర్ మీదుగా సెకండ్ బేస్‌కు వెళ్లే గీత తూర్పు ఈశాన్యం వైపుగా ఉంటే మంచిదని నిబంధనలు సూచిస్తాయి. సాయంత్రం ఆటలో పడమటి ఎండ బ్యాటర్ వీపు వెనుక ఉంటుంది, పిచ్చర్ చేతి నుంచి బయలుదేరే బంతి స్పష్టంగా కనిపిస్తుంది. ఆ ఎండ కుడి పొలిమేరలో నిలబడే ఫీల్డర్ కళ్లలో పడుతుంది, అది తప్పదు. మీ కంచె ఎటు ఉందో నాకు తెలియదు కానీ, వీలుంటే ఈ సూచన పాటించండి.

రబ్బరు స్థానానికి సులువైన దారి ఉంది. హోం నుంచి సెకండ్‌కు, ఫస్ట్ నుంచి థర్డ్‌కు రెండు పురికొసలు కట్టండి. అవి ఒకదాన్నొకటి దాటే చోట రబ్బరు పెట్టేయవచ్చు.

గొలుసులింకు

బాబాయి గారు చెప్పిన రెండు టేపుల పద్ధతి నూటికి నూరుపాళ్లు సరైనది. చివరి పేరా మాత్రం దయచేసి పాటించవద్దు. పురికొసలు దాటే చోటు చతురస్రపు కేంద్రం, రబ్బరు ఏ మైదానంలోనూ సరిగ్గా అక్కడ ఉండదు. మీ పిల్లల మైదానంలో కేంద్రం హోం మొన నుంచి సుమారు 42 అడుగుల 5 అంగుళాల దూరంలో వస్తుంది, రబ్బరు ముందు అంచు 46 అడుగుల దగ్గర ఉండాలి. అంటే కేంద్రం దాటి సెకండ్ బేస్ వైపు ఇంకా 3 అడుగుల 7 అంగుళాలు వెళ్లాలి. పెద్దల మైదానంలో పరిస్థితి తిరగబడుతుంది. అక్కడ కేంద్రం దాదాపు 63 అడుగుల 8 అంగుళాల దగ్గర ఉంటే రబ్బరు 60 అడుగుల 6 అంగుళాల దగ్గరే ఉంటుంది, కేంద్రానికి మూడడుగులకు పైగా ముందుకు. హోం నుంచి సెకండ్‌కు కట్టిన కొస మాత్రం ఉంచండి. రబ్బరు మధ్యభాగం ఆ కొస మీద ఉండాలి కాబట్టి అది పనికొస్తుంది.

నేను సర్వే శాఖలో గొలుసులు లాగి, ఆ తరువాత థియోడొలైట్‌తో (కోణాలు కొలిచే పరికరంతో) పనిచేసి విరమణ పొందినవాణ్ణి. ఇప్పుడు ఒహాయోలో మా అమ్మాయి దగ్గర ఉంటూ, మా మనవరాలి జట్టు మైదానం పనుల్లో చేయి కలుపుతున్నాను. ఆ అలవాటు కొద్దీ చెబుతున్నాను, సర్వేలో సగం తప్పులు దూరం చదవడంలో రావు, రాయి ఎక్కడుందో గుర్తించడంలో వస్తాయి. మీ డైమండ్‌కు నాలుగు సరిహద్దు రాళ్లు ఉన్నాయనుకోండి. అవి బేస్ సంచుల (బేస్ గుర్తుగా నేల మీద పెట్టే చదరపు దిండ్ల) మధ్యబిందువులని అనుకుంటే తప్పిపోతాము, ఎందుకంటే ఒక్కో మూలలో రాయి ఒక్కో విధంగా ఉంటుంది.

మొదటి రాయి హోం ప్లేటు వెనుక మొన. ప్లేటు అయిదు భుజాల ఆకారం, పిచ్చర్ వైపు అంచు 17 అంగుళాలు, పక్కలు ఎనిమిదిన్నర చొప్పున, మొనలో కలిసే రెండు భుజాలు 12 చొప్పున. 1900కు ముందు ఇది మామూలు చతురస్రం, ఆ ఏడాది నుంచి అయిదు భుజాలైంది. ముందు అంచు నుంచి మొన దాకా 17 అంగుళాలు, మీ పిచ్చింగ్ దూరంలో ఎక్కువైన 17 అంగుళాలు ఇవే. హోం నుంచి తీసే ప్రతి కొలతా, అది బేస్‌కైనా, రబ్బరుకైనా, కంచెకైనా, ఈ మొన నుంచే తీయాలి. ఇక్కడ నాకు ఎంతో ఇష్టమైన చిన్న విషయం ఒకటుంది. 12, 12, 17 భుజాలతో ఖచ్చితమైన లంబకోణం రాదు. 144కు 144 కలిపితే 288, కానీ 17 వర్గం 289. ఈ తేడా అంగుళంలో నూరింట మూడు వంతులు, మైదానంలో ఎవరికీ అందదు. కాబట్టి ప్లేటు అంచులను చూసి ఫౌల్ గీతలను (హోం నుంచి ఫస్ట్, థర్డ్ మీదుగా పోయే హద్దు గీతలను) సాగదీయకండి, గీతలను మేకులతో తేల్చుకుని ప్లేటును ఆ మూలలో ఒదిగించండి.

ఫస్ట్ బేస్ సంచి పూర్తిగా చతురస్రం లోపల ఉండాలి. 60 అడుగుల మేకు ఆ సంచి బయటి వెనుక మూలకు వస్తుంది, అంటే ఫౌల్ గీతకు ఆనుకున్న అంచు, హోంకు దూరంగా ఉన్న అంచు కలిసే మూలకు. థర్డ్ బేస్ దీనికి అద్దంలోని ప్రతిబింబం. సెకండ్ బేస్ ఒక్కటే వేరు, అక్కడ మేకు సంచి నడిమధ్యకు రావాలి. ఈ తేడా తెలియక చాలామంది సెకండ్ సంచి వెనుక మూలను మేకు దగ్గర పెడతారు. 15 అంగుళాల సంచిని అలా పెడితే దాని మధ్యభాగం పది అంగుళాలకు పైగా హోం వైపుకు జరిగిపోతుంది. బేస్ దొంగిలించే (బంతి కొట్టకముందే తరువాతి బేస్‌కు పరుగెత్తే) పిల్లవాడికి ఆ పది అంగుళాలు చాలా పెద్ద సాయం.

ఈ బిందువుల లెక్క తెలిస్తే 2023లో మేజర్ లీగ్‌లో (అమెరికాలోని అత్యున్నత వృత్తి లీగ్‌లో) జరిగిన మార్పు కూడా సులభంగా బోధపడుతుంది. ఆ ఏడాది సంచులను 15 అంగుళాల నుంచి 18 అంగుళాలకు పెంచారు. మేకులు కదలలేదు, 90 అడుగులు 90 అడుగులుగానే ఉన్నాయి. కానీ ఫస్ట్ సంచి పూర్తిగా లోపలే ఉంటుంది కాబట్టి, అది పెరిగిన 3 అంగుళాలూ హోం నుంచి వచ్చే పరుగులో తగ్గాయి. ఫస్ట్ నుంచి సెకండ్‌కు వెళ్లేటప్పుడు ఫస్ట్ సంచి వల్ల 3 అంగుళాలు, మధ్యలో మేకున్న సెకండ్ సంచిలో సగం పెరుగుదల వల్ల ఒకటిన్నర, మొత్తం నాలుగున్నర అంగుళాలు తగ్గాయి.

సున్నపు గీతల గురించి అడగలేదు కానీ చెప్పక తప్పదు. ఫౌల్ గీత మైదానం లోపలి భాగమే. గీత మీద పడిన బంతి ఫెయిర్ (చెల్లే) బంతి. కాబట్టి గీత వెడల్పు మొత్తం మేకుల మధ్య కట్టిన కొసకు లోపలివైపు రావాలి, కొసకు అటూ ఇటూ పంచకూడదు.

మన లెక్కలో చెప్పాలంటే మీ పిల్లల డైమండ్ సరిగ్గా 400 గజాల స్థలం, పెద్దలది 900 గజాలు, సెంట్లలో అయితే పద్దెనిమిదిన్నర. 400 గజాల ప్లాటు హద్దులు చూసేటప్పుడు కర్ణాలు కొలవకుండా ఎవరూ డబ్బు కట్టరు. ఇక్కడా అంతే శ్రద్ధ పెట్టండి. బట్ట టేపు సాగుతుంది, వీలుంటే స్టీలు టేపు తీసుకుని ఇద్దరూ ఒకే బిగువుతో పట్టుకోండి.

పీఈటీమాస్టారు

నమస్కారం. నేను తెలంగాణలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. మా దగ్గర బేస్‌బాల్ కంటే సాఫ్ట్‌బాల్ ఎక్కువగా ఆడిస్తాము, దాని చతురస్రం కూడా 60 అడుగులదే. మా రికార్డుల్లో మీటర్లలో రాసుకుంటాము, భుజం 18.29, కర్ణం 25.86. పిచ్చింగ్ దూరం ఆడవారికి 43 అడుగులు, మగవారికి 46 అడుగులు. సాఫ్ట్‌బాల్‌లో దిబ్బ ఉండదు, ఎనిమిది అడుగుల వ్యాసార్ధం ఉన్న చదునైన వృత్తం నుంచి చెయ్యి కింద నుంచి విసురుతారు.

మా మైదానం ఒక్కటే, అందులోనే కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ కోర్టులు. ప్రతి పోటీకి ముందు డైమండ్ కొత్తగా గీయాలి. అందుకని నేనొక పని చేశాను. ఒక నైలాన్ తాడు తీసుకుని దాని మీద 60 అడుగుల దగ్గర ఎర్ర గుడ్డ, 84 అడుగుల 10 1/4 అంగుళాల దగ్గర నీలం గుడ్డ, 43 దగ్గర పసుపు గుడ్డ ముడివేసి, హోం మేకుకు తొడగడానికి మొదట్లో ఒక ఇనుప రింగు కట్టాను. తొమ్మిదో తరగతి పిల్లలే ఇప్పుడు ఇరవై నిమిషాల్లో నాలుగు మూలలూ పెట్టేస్తారు. కొత్త తాడు నాలుగైదు రోజులు బిగించి ఉంచి, సాగడం ఆగిన తరువాతే గుర్తులు కట్టాలి. మొదటిసారి నేను ఆ పని చేయలేదు. వానలో తడిసి ఎండిన తరువాత కొలిచి చూస్తే ఎర్ర గుడ్డ 61 అడుగుల దగ్గరకు పోయింది.

దిబ్బ ఎత్తుకు మీరు అడిగిన ఉపాయం మన తాపీమేస్త్రుల దగ్గర ఉంది. పునాది మట్టం చూడటానికి వాళ్లు వాడే నీళ్ల గొట్టం మీకు సరిగ్గా సరిపోతుంది. 60 అడుగుల పొడవున్న పారదర్శకమైన సన్నని గొట్టం తీసుకుని, బుడగలు లేకుండా నీళ్లు నింపండి. ఒక్క బుడగ మిగిలినా మట్టం తప్పుతుంది కాబట్టి, గొట్టం పొడవునా వేలితో తట్టుకుంటూ వెళ్లి బుడగలను పైకి పంపండి. ఒక కొన హోం ప్లేటు దగ్గర, రెండో కొన రబ్బరు దగ్గర నిలువు కర్రలకు ఆనించి పట్టుకోండి. నీరు నిలకడకు వచ్చాక ప్లేటు మీద నుంచి నీటి మట్టం 40 అంగుళాలు ఉందనుకుందాం. రబ్బరు ప్లేటు కంటే 6 అంగుళాలు ఎత్తుగా ఉండాలి కాబట్టి, రబ్బరు పైభాగం నుంచి నీటి మట్టం 34 అంగుళాలు రావాలి. 36 వస్తే ఇంకా రెండు అంగుళాల మట్టి వేయాలి. పనంతా అయ్యేలోపు మూడు నాలుగు సార్లు చూసుకోవలసి వస్తుంది, ఎందుకంటే దిమ్మిస కొట్టే కొద్దీ మట్టి దిగుతుంది.

పొడి సున్నం పిల్లల కళ్లలో పడితే చాలా ప్రమాదం. గీతలకు సుద్దపొడి వాడండి.

బెజవాడబాబాయి

గొలుసులింకు గారికి కృతజ్ఞతలు. రబ్బరు విషయంలో నేను చెప్పింది తప్పు. మా మైదానంలో రబ్బరును ముందే ఎవరో స్థిరంగా పాతి ఉంచారు, నేను ఎన్నడూ కొలవలేదు. అది కేంద్రంలో ఉన్నట్టు కంటికి కనిపిస్తుంది, దాన్నే నమ్మాను. ఈ ఉదయం వెళ్లి కొస కట్టి చూస్తే, ఫస్ట్, థర్డ్ మధ్య గీత రబ్బరుకు మూడున్నర అడుగుల ముందు నుంచి పోయింది.

మాస్టారు గారు చెప్పిన ఎత్తుకు వాలు కూడా కలుపుతాను. రబ్బరుకు ముందు 6 అంగుళాల మేర చదునుగా ఉంచి, అక్కడి నుంచి హోం వైపు అడుగుకు ఒక అంగుళం చొప్పున దింపాలి. పెద్దల దిబ్బ 10 అంగుళాల ఎత్తు, అడుగున 18 అడుగుల వ్యాసం ఉన్న వృత్తం. ఆ వృత్తానికి కేంద్రం రబ్బరు అని అనుకోకూడదు, కేంద్రం హోం మొన నుంచి 59 అడుగుల దగ్గర ఉంటుంది, రబ్బరు దానికి 18 అంగుళాలు వెనుకగా ఉంటుంది. విసిరే పిచ్చర్ ముందుకు దిగుతాడు గనుక మట్టి అంతా ముందువైపే ఎక్కువ కావాలి.

ఎత్తులో నాలుగైదు అంగుళాలకు అంత విలువేమిటని మా దగ్గర కొందరు తల్లిదండ్రులు అడుగుతుంటారు. 1968 దాకా మేజర్ లీగ్‌లో దిబ్బ 15 అంగుళాలు ఉండేది. ఆ ఏడాది సెయింట్ లూయిస్ పిచ్చర్ బాబ్ గిబ్సన్ తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున 1.12 పరుగులే ఇచ్చారు (ఫీల్డర్ల తప్పుల వల్ల వచ్చినవి కాకుండా). అమెరికన్ లీగ్‌లో బ్యాటింగ్‌లో మొదటి స్థానంలో నిలిచిన కార్ల్ యాస్ట్రెమ్‌స్కీ సగటు .301 (పది అవకాశాల్లో దాదాపు మూడు హిట్లు) మాత్రమే. మరుసటి ఏడాదే దిబ్బను 10 అంగుళాలకు దించి, స్ట్రైక్ జోన్‌ను (బ్యాటర్ కొట్టకపోయినా సరైన బంతిగా లెక్కించే పరిధిని) కూడా కుదించారు. ఎత్తు నుంచి కిందికి వచ్చే బంతిని కొట్టడం ఎంత కష్టమో తెలిసే అలా చేశారు. పదకొండేళ్ల పిల్లలకు కూడా అది వర్తిస్తుంది, కాబట్టి 6 అంగుళాలంటే 6 అంగుళాలే ఉంచండి.

గోదారిగట్టు

మీ ముగ్గురికీ ఎంత కృతజ్ఞత చెప్పినా తక్కువే. నిన్న ఉదయం ఏడింటికే నలుగురు తండ్రులం, ఇద్దరు తల్లులు, ఆరుగురు పిల్లలు కలిసి పని మొదలుపెట్టాము. పాత మేకులు పీకి, హోం మొన దగ్గర కొత్త మేకు కొట్టి, కర్ణంతో ఆరంభించాము. రెండు టేపుల 60 అడుగుల గీతలు ఒకదాని మీద ఒకటి వచ్చేలా పట్టుకోవడం మొదట కష్టమైంది. గాలికి టేపు ఊగుతుంటే మా వాడు నేల మీద బోర్లా పడుకుని, రెండు గీతలూ కలిసిన క్షణాన మేకు మొనను అక్కడ ఆనించి పట్టుకున్నాడు. చివరికి ఫస్ట్ నుంచి థర్డ్‌కు కొలిస్తే 84 అడుగుల 10 1/2 అంగుళాలు వచ్చింది. పావు అంగుళం తేడాతో ఆపేశాము.

నీళ్ల గొట్టం పద్ధతి చూసి పక్కింటి ఆయన వచ్చి ఫోటోలు తీసుకున్నారు. మా దిబ్బ 8 అంగుళాలున్నట్టు తేలింది, రెండు అంగుళాల మట్టి తీసేశాము. రబ్బరును 46 అడుగులకు జరిపిన తరువాత, మోచెయ్యి పట్టుకున్న ఆ పిల్లవాడితో ముందుగా నెమ్మదిగా పది బంతులు వేయించాను. ఏడు బంతులు నేలకు తగలకుండా క్యాచర్ గ్లవ్‌లోకి వెళ్లాయి. జరిగిన తప్పు నాదేనని అతనికీ, అతని తల్లిదండ్రులకూ చెప్పి క్షమాపణ అడిగాను.

ఇంకొక్క సందేహం. మా వాడు పన్నెండు దాటాక 70 అడుగుల బేస్‌లు, 50 అడుగుల పిచ్చింగ్ ఉన్న విభాగానికి వెళతాడు. ఇదే మైదానంలో రెండు డైమండ్లకూ గుర్తులు పెట్టుకోవచ్చా?

గొలుసులింకు

తప్పకుండా పెట్టుకోవచ్చు. హోం మొన మేకును కదపకుండా, ఇప్పుడున్న ఫౌల్ కొసల మీదనే 70 అడుగుల దగ్గర ఫస్ట్, థర్డ్ మేకులు కొట్టండి. సెకండ్ మేకు ఇప్పుడున్న కర్ణం కొస మీదనే వస్తుంది. 70 అడుగుల చతురస్రపు కర్ణం 99 అడుగులకు అంగుళంలో వీసం మాత్రమే తక్కువ, కాబట్టి 99 అని పెట్టుకుంటే చాలు. రబ్బరు 50 అడుగుల దగ్గర వస్తుంది, చతురస్రపు కేంద్రం 49 అడుగుల 6 అంగుళాల దగ్గర ఉంటుంది, ఈ మైదానంలో రెండూ దాదాపు కలుస్తాయి. దిబ్బను నాలుగడుగులు వెనక్కి జరపాలి, కాబట్టి ఇప్పుడు మట్టి పోసేటప్పుడే వెనుకవైపు కొంత చోటు వదిలిపెట్టండి. మేకులను నేల మట్టానికి ఒక అంగుళం లోపలికి దిగగొట్టి, పైన రంగు గుడ్డ ముక్క కట్టి గడ్డిలో కప్పేయండి. గడ్డి కోసే యంత్రం బ్లేడుకు తగలకుండా ఉంటాయి, పరుగెత్తే పిల్లల కాళ్లకూ తగలవు.